హైదరాబాదు రాష్ట్రంలో తొలి ప్రజాప్రభుత్వం: రాజకీయ సవాళ్లు, పక్షాల చీలికలు (1948–1956)

వ్యాససంగ్రహం:

1948 సెప్టెంబరులో నిజాం స్వతంత్రాధికారం అంతరించింది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రమే అంతరించింది. ఈ రెండు అంతాల నడుమ ఉన్న ఎనిమిదేళ్లలో ఆ ప్రాంత ప్రజలు సైనిక పాలనను, అధికారుల పాలనను, తొలిసారి వయోజన ఓటుహక్కుతో ఎన్నుకున్న ప్రభుత్వ పాలనను వరుసగా చూశారు. ఈ కాలపు రాజకీయ పక్షాల చీలికలను సాధారణంగా నాయకుల వ్యక్తిగత స్పర్ధలుగా చెప్పడం పరిపాటి. ఆ వివరణ ఎంతవరకు సరిపోతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అధికారం, భూమి, స్థానికత, భాష అనే నాలుగు ప్రశ్నల చుట్టూ కాంగ్రెసు, కమ్యూనిస్టు పక్షాలు ఎట్లా చీలాయో, ఆ చీలికల పరిష్కారం శాసనసభ నుండి నాయకుల ఒప్పందాలకు ఎట్లా మారిందో వివరించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: హైదరాబాదు రాష్ట్రం, ఆంధ్రమహాసభ, స్టేట్ కాంగ్రెస్, పి.డి.ఎఫ్., బూర్గుల రామకృష్ణారావు, స్వామి రామానంద తీర్థ, రావి నారాయణరెడ్డి, ముల్కీ ఉద్యమం, పెద్దమనుషుల ఒప్పందం.

1. ప్రవేశిక:

పాత పాలనను కూలదోయడానికి ఏకమైన శక్తులు కొత్త పాలనను నిలబెట్టే వేళ విడిపోవడం చరిత్రలో తరచు కనిపించే విషయం. అమెరికా గణతంత్రం ఏర్పడి పదేళ్లు తిరగకముందే వాషింగ్టన్ మంత్రివర్గంలోని హామిల్టన్, జెఫర్సన్ల అనుయాయులు రెండు పక్షాలుగా విడిపోయారు. 1796లో వాషింగ్టన్ తన వీడ్కోలు సందేశంలో పక్షభేదాల ప్రమాదాన్ని గురించి హెచ్చరించే నాటికే ఆ భేదాలు స్థిరపడ్డాయి. ఉమ్మడి శత్రువు ఉన్నంతకాలం వాయిదా పడిన ప్రశ్నలు, శత్రువు తొలగిన మరుక్షణం ముందుకు వస్తాయి. వాటికి జవాబు చెప్పే క్రమంలోనే పక్షాలు ఏర్పడతాయి, చీలుతాయి.

భారత గణతంత్రం తొలినాళ్లలో ఈ పరిణామాన్ని అత్యంత సాంద్రంగా చూడగలిగిన చోటు హైదరాబాదు రాష్ట్రం. తెలంగాణలోని ఎనిమిది జిల్లాలు, మరాఠ్వాడాలోని ఐదు, కన్నడ ప్రాంతంలోని మూడు కలిసిన ఈ రాష్ట్రంలో రాచరికం, జాగీర్దారీ, సాయుధ పోరాటం, సైనిక చర్య, ఎన్నికలు ఒకదాని వెంట ఒకటి పదేళ్ల వ్యవధిలోనే జరిగాయి. హైదరాబాదు నగరానికి తూర్పు అంచున ఉన్న ఉప్పల్, నాచారం వంటి గ్రామాలను దృష్టిలో పెట్టుకుంటే ఈ మార్పు వేగం అర్థమవుతుంది. నగరాన్ని చుట్టుకొని ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా ప్రధానంగా సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఆదాయానికి కేటాయించిన భూముల జిల్లా. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వంలో కలిసిపోయింది. 1952లో ఆ గ్రామాల ప్రజలు ఓటర్లయ్యారు. ప్రభువు సొంత భూముల మీద బతికిన ప్రజలు మూడేళ్లలో ప్రభుత్వాన్ని ఎన్నుకునే పౌరులు కావడం చిన్న మార్పు కాదు.

2. నేపథ్యం - ఒకే సభ, రెండు దారులు:

తెలంగాణలో కాంగ్రెసు, కమ్యూనిస్టు రాజకీయాలు వేర్వేరు మూలాల నుండి పుట్టినవి కావు. రెండింటికీ ఆంధ్రమహాసభే పుట్టినిల్లు. 1921లో హైదరాబాదులోని వివేకవర్ధని ఆవరణలో మహర్షి కార్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలోని ఇతర భాషీయులు గేలిచేశారు. ఆ అవమానం నుండి ఆంధ్రజనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు వంటి పెద్దల కృషితో గ్రంథాలయాలు, పాఠశాలలు, వెట్టిచాకిరి వ్యతిరేక ప్రచారం ద్వారా అది విస్తరించింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్రమహాసభ జరిగింది.

1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు కావడంతో మహాసభ స్వభావం మారడం మొదలైంది. వినతిపత్రాల సంస్థ రైతుల, కూలీల సంస్థగా మారింది. పల్లెల్లో అది ‘సంగం’ అయింది. 1944 భువనగిరి సభ నాటికి చీలిక పూర్తయింది. మితవాదులు, జాతీయవాదులు వేరు సభలు జరుపుకున్నారు. జమీందారీ, జాగీర్దారీలను ఎంత త్వరగా, ఎవరి బలంతో తొలగించాలన్నదే ఆనాటి అసలు తగాదా. 1952 శాసనసభలో అధికారపక్షానికీ, ప్రతిపక్షానికీ మధ్య కనిపించిన తెలంగాణ విభజన రేఖ నిజానికి భువనగిరిలో గీసిన గీతే. తొలి మహాసభకు అధ్యక్షత వహించిన సురవరం 1952లో వనపర్తి నుండి కాంగ్రెసు సభ్యుడిగా శాసనసభకు వచ్చారు. భువనగిరి సభకు అధ్యక్షత వహించిన రావి నారాయణరెడ్డి ప్రతిపక్షానికి పేరుపొందిన నాయకుడిగా లోక్‌సభకు వెళ్లారు.

మరోవైపు 1938లో ఏర్పడుతూనే నిషేధానికి గురైన హైదరాబాదు స్టేట్ కాంగ్రెసుపై 1946లో నిషేధం తొలగింది. అది మూడు భాషల ప్రాంతాల సంస్థ. తెలంగాణలోని ఆంధ్రమహాసభ జాతీయవాదులు, మహారాష్ట్ర పరిషత్తు, కర్ణాటక పరిషత్తు కార్యకర్తలు అందులో చేరారు. కనుక స్టేట్ కాంగ్రెసు మొదటి నుండి ఒక పార్టీ అనడం కన్నా ఒక కూటమి అనడం సబబు.

3. ఎన్నిక లేని గణతంత్రం (1948–1952):

1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటుతో ముగిసింది. మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి సైనిక గవర్నరయ్యారు. ఆ తరువాత ఐ.సి.ఎస్. అధికారి ఎం.కె.వెల్లోడి పాలనా బాధ్యతలు స్వీకరించారు. 1949 నవంబరులో నిజాం ఫర్మానా ద్వారా భారత రాజ్యాంగం హైదరాబాదుకు వర్తించింది. 1950 జనవరి 26న రాష్ట్రం భారత గణతంత్రంలో ‘బి’ తరగతి రాష్ట్రంగా చేరింది. నిజాం రాజప్రముఖ్ అయ్యారు, వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యారు.

ఈ ఏర్పాటులోని వైరుధ్యం గమనార్హం. ఎవరిని దించడానికి ప్రజలు పోరాడారో ఆ ప్రభువే కొత్త గణతంత్రంలో రాష్ట్రాధినేత. ప్రజల పేరిట పాలించే ముఖ్యమంత్రి ప్రజలు ఎన్నుకున్నవాడు కాదు. గణతంత్రం వచ్చింది గాని దానికి ఓటు ఇంకా రాలేదు. 1950లో బూర్గుల రామకృష్ణారావు సహా నలుగురు కాంగ్రెసు నాయకులు వెల్లోడి మంత్రివర్గంలో చేరినా, ఈ లోటు తీరలేదు.

ఈ కాలంలోనే మూడు పెద్ద మార్పులు జరిగాయి. మొదటిది, 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు. రాజ్య విస్తీర్ణంలో సుమారు 60 శాతం మాత్రమే నేరుగా ప్రభుత్వ పరిధిలోని దివానీ భూమి. మిగిలినది జాగీర్లు, సర్ఫ్-ఎ-ఖాస్. ఈ విభజన ఒక్క సంవత్సరంలో చెరిగిపోయింది. రెండవది, పాలనా యంత్రాంగం మార్పు. మద్రాసు మొదలైన ఇతర ప్రాంతాల నుండి అధికారులు, ఉద్యోగులు వచ్చారు. ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు ప్రాబల్యం పెరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ నుండి ఇంగ్లీషుకు మారింది. ఉర్దూ చదువుతో ఉద్యోగాలకు సిద్ధమైన ఒక తరం, హిందువులైనా ముస్లింలైనా, ఒక్కసారిగా అనర్హులమయ్యామన్న భావనకు లోనైంది. మూడవది, ముస్లిం రాజకీయాలలో ఏర్పడిన శూన్యం. పోలీసు చర్య తరువాత పలు జిల్లాల్లో ముస్లింలపై జరిగిన హింసను గురించి విచారించిన పండిత సుందర్‌లాల్ బృందం నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు వెలువరించలేదు. కాశిం రజ్వీ జైల్లో ఉన్నాడు. నిన్నటి వరకు రాజ్యంతో తమను తాము గుర్తించుకున్న వర్గానికి కొత్త గణతంత్రంలో మాట్లాడే వేదిక లేకపోయింది.

4. కాంగ్రెసులో వర్గాలు:

స్టేట్ కాంగ్రెసులో రెండు ప్రధాన వర్గాలు ఉండేవి. ఒకటి స్వామి రామానంద తీర్థ వర్గం, రెండవది బూర్గుల రామకృష్ణారావు వర్గం. స్వామీజీ సన్యాసి, ఉపాధ్యాయుడు. మరాఠ్వాడాలోని హిప్పర్గా, అంబాజోగాయి పాఠశాలలు ఆయన కార్యక్షేత్రాలు. 1938 సత్యాగ్రహం నుండి 1947లో భారతదేశంలో విలీనం కోసం సాగిన ఉద్యమం వరకు జైలు ఆయనకు అలవాటైన చోటు. బూర్గుల న్యాయవాది, బహుభాషావేత్త, ఉర్దూ, ఫారసీ, సంస్కృతాలలో పండితుడు. చర్చలతో, చట్టంతో పని సాధించవచ్చునని నమ్మిన నాయకుడు. ఇద్దరూ స్టేట్ కాంగ్రెసు అధ్యక్ష పదవికి పోటీపడ్డారు. ఆ పోటీ గాయం మానలేదు.

ఈ విభేదాన్ని కేవలం ఇద్దరు నాయకుల పోటీగా చూస్తే మూడు విషయాలు మరుగునపడతాయి. మొదటిది, స్వామీజీ వర్గానికి బలం ఉద్యమ కార్యకర్తల్లో, ముఖ్యంగా మరాఠ్వాడాలో ఉండగా, బూర్గుల వర్గానికి తెలంగాణలోని న్యాయవాదుల్లో, మధ్యతరగతిలో, గ్రామపెద్దల్లో ఉండేది. అంటే వర్గభేదంలో ప్రాంతభేదం ఇమిడి ఉంది. రెండవది, భూసంస్కరణల వేగం విషయంలో ఇద్దరి అనుయాయులకు భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. మూడవది, రాష్ట్రం ఇట్లాగే కొనసాగాలా, భాషల ప్రకారం విడిపోవాలా అన్న ప్రశ్న. స్వామీజీ భాషల ప్రాతిపదికన హైదరాబాదు విభజనను గట్టిగా కోరారు. ముఖ్యమంత్రి కాదగిన తెలంగాణ నాయకుడికి రాష్ట్రం విడిపోవడం అంటే తన పదవి, తన రాజధాని, తన బలం అన్నీ తిరిగి లెక్కించుకోవలసిన సంగతి. వీటన్నింటినీ కలిపి చూసినప్పుడే వర్గాలకు అర్థం ఉంటుంది.

5. కమ్యూనిస్టు పార్టీలో అంతర్మథనం:

కాంగ్రెసులోని చీలిక అధికారం దగ్గరైనందువల్ల పెరిగితే, కమ్యూనిస్టుల చీలిక అధికారం మీద తిరుగుబాటు కొనసాగించాలా వద్దా అన్న ప్రశ్న నుండి పుట్టింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో ఉధృతమైన పోరాటం నిజాం మీద, దేశ్‌ముఖ్‌ల మీద సాగింది. 1948 సెప్టెంబరు తరువాత ఎదుట ఉన్నది నిజాం సైన్యం కాదు, భారత సైన్యం. రజాకార్లతో పోరాడిన దళాలు ఇప్పుడు ఎవరితో పోరాడాలి?

ఈ ప్రశ్నకు పార్టీలో ఒకే సమాధానం రాలేదు. నెహ్రూ ప్రభుత్వ సైన్యంతో పోరు తగదనీ, ప్రజలు నిజాం పతనాన్ని విముక్తిగా భావిస్తున్నారనీ రావి నారాయణరెడ్డి వంటివారు వాదించారు. స్వాధీనమైన భూములను కాపాడుకోవాలంటే ఆయుధాలు దించరాదని మరికొందరు నాయకులు వాదించారు. 1948 కలకత్తా మహాసభ తరువాత బి.టి.రణదివే నాయకత్వంలోని కేంద్ర కమిటీ పట్టణ కార్మికవర్గ తిరుగుబాటును ముందుకు తెస్తే, ఆంధ్ర నాయకత్వం చైనా అనుభవాన్ని ఆదర్శంగా తీసుకుంది. 1950లో చండ్ర రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1951లో నలుగురు నాయకుల బృందం మాస్కో వెళ్లి స్టాలిన్‌తో చర్చించింది. చివరకు 1951 అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటన వెలువడింది.

విరమణ జరిగినా వివాదం ముగియలేదు. తరువాతి కాలంలో రావి నారాయణరెడ్డి, పుచ్చలపల్లి సుందరయ్య, దేవులపల్లి వెంకటేశ్వరరావు రాసిన గ్రంథాలు ఒకే పోరాటాన్ని మూడు కోణాల నుండి చూశాయి. పోరాట చరిత్ర రచనే పార్టీ చీలికల కొనసాగింపుగా మారిన సందర్భం ఇది. ఈ గ్రంథాలను ఆధారాలుగా తీసుకునే పరిశోధకులు ఏ రచన ఏ సంవత్సరంలో, ఏ చీలిక తరువాత వెలువడిందో ముందుగా గమనించవలసి ఉంటుంది.

6. 1952 ఎన్నికలు - తీర్పులోని రెండు స్వరాలు:

తొలి సాధారణ ఎన్నికల నాటికి హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉంది. అందువల్ల ఆ పార్టీవారు, వారితో కలిసివచ్చినవారు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ (పి.డి.ఎఫ్.) పేరిట పోటీచేశారు. సరోజినీనాయుడు కుమారుడు డాక్టర్ ఎన్.ఎం.జయసూర్య మెదక్ నుండి ఈ ఫ్రంట్ అభ్యర్థిగా లోక్‌సభకు గెలవడం, అది కమ్యూనిస్టులకే పరిమితమైనది కాదని సూచిస్తుంది.

175 స్థానాల శాసనసభలో కాంగ్రెసుకు 93, పి.డి.ఎఫ్.కు 42, సోషలిస్టులకు 11, రైతుకూలీ పక్షమైన పీజెంట్స్ అండ్ వర్కర్స్ పార్టీకి 10, షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌కు 5, స్వతంత్రులకు 14 స్థానాలు లభించాయి. నల్లగొండ లోక్‌సభ స్థానం నుండి రావి నారాయణరెడ్డి 3,09,162 ఓట్లు పొందారు. ఆ ఎన్నికల్లో నెహ్రూకు వచ్చిన ఓట్ల కన్నా ఇవి ఎక్కువ. నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గమన్న సంగతిని గుర్తుంచుకున్నా ఈ సంఖ్య ప్రాధాన్యం తగ్గదు. కరీంనగర్‌లో బద్దం ఎల్లారెడ్డి చేతిలో పి.వి.నరసింహారావు ఓడిపోయారు. అదే నియోజకవర్గం రిజర్వుడు స్థానం నుండి ఫెడరేషన్ అభ్యర్థి ఎం.ఆర్.కృష్ణ గెలిచారు. వరంగల్ లోక్‌సభ స్థానం పెండ్యాల రాఘవరావుకు దక్కింది. ఆలేరు నుండి ఆరుట్ల కమలాదేవి శాసనసభకు ఎన్నికయ్యారు. మూడు నెలల ముందు వరకు దళాల్లోనో, జైళ్లలోనో, అజ్ఞాతంలోనో ఉన్నవారిని ఓటర్లు శాసనకర్తలుగా ఎన్నుకున్నారు.

ఈ ఫలితాలు రెండు విషయాలు చెబుతాయి. రాష్ట్రం మొత్తం మీద కాంగ్రెసుకు ఆధిక్యత వచ్చింది గాని, అందులో మరాఠ్వాడా, కర్ణాటక ప్రాంతాల స్థానాలకు పెద్ద వాటా ఉంది. పోరాట జిల్లాల్లో ప్రజలు పోరాటం పక్షాన నిలిచినవారికే ఓటు వేశారు. 1952 మార్చి 6న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన బూర్గుల, తన సొంత తెలుగు ప్రాంతంలో బలమైన ప్రతిపక్షాన్ని ఎదుర్కొంటూ ఇతర భాషా ప్రాంతాల మద్దతుతో పాలించవలసి వచ్చింది. రాష్ట్రం విడిపోతే ఆ మద్దతు కూడా పోతుంది. తరువాతి నాలుగేళ్ల రాజకీయాలకు మూలసూత్రం ఇందులోనే ఉంది.

అయినా ఈ సభకు ఒక విశేషం ఉంది. కాశీనాథరావు వైద్య సభాపతిగా, మరాఠీ భాషీయుడైన వి.డి.దేశ్‌పాండే ప్రతిపక్ష నాయకుడిగా ఉన్న ఆ సభలో తుపాకులు వదిలిన పక్షం ప్రశ్నోత్తరాల వేళకు అలవాటుపడింది. నిన్నటి వరకు నిర్బంధాన్ని ప్రయోగించిన ప్రభుత్వం జవాబు చెప్పడానికి అలవాటుపడింది. పరస్పరం శత్రువులుగా చూసుకున్నవారు ‘గౌరవ సభ్యులు’ అని సంబోధించుకోవడం మర్యాద మాత్రమే కాదు, ఒక రాజకీయ విద్య.

7. ముల్కీ ఉద్యమం - స్థానికత ప్రశ్న:

కొత్త ప్రభుత్వం ఆరు నెలలు నిండకముందే తొలి పరీక్షను ఎదుర్కొంది. నిజాం కాలపు ముల్కీ నిబంధనల ప్రకారం ప్రభుత్వోద్యోగానికి స్థానికుడై ఉండాలి, లేదా 15 సంవత్సరాల నివాసం ఉండాలి. 1948 తరువాత వచ్చిన గైర్‌ముల్కీ ఉద్యోగులలో పలువురు తప్పుడు ధ్రువపత్రాలతో ముల్కీలుగా చలామణి అయ్యారన్నది ప్రధాన ఆరోపణ. 1952లో వరంగల్‌లో ఉపాధ్యాయ నియామకాల విషయమై మొదలైన విద్యార్థుల ఆందోళన హైదరాబాదుకు పాకింది. సెప్టెంబరు 3, 4 తేదీలలో నగరంలో జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణనష్టం జరిగింది. ఈ ఘటనలపై జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిపారు.

ఈ ఉద్యమం పార్టీలన్నింటినీ ఇబ్బందిపెట్టింది. కాంగ్రెసు ప్రభుత్వం తాను నెలకొల్పని యంత్రాంగానికి బాధ్యత వహించవలసి వచ్చింది. ఆ పార్టీలోనే కొందరికి విద్యార్థుల కోరిక న్యాయమనిపించింది. పి.డి.ఎఫ్. చిక్కు మరొక రకమైనది. కాల్పులను ఖండించడం ప్రతిపక్ష ధర్మం. కాని విశాలాంధ్రను లక్ష్యంగా పెట్టుకున్న కమ్యూనిస్టులు ఆంధ్రుల రాకను వ్యతిరేకించే ఉద్యమాన్ని పూర్తిగా తమది చేసుకోలేరు. సుందరయ్య ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ 1946 నాటికే వెలువడింది. ఒకే భాష మాట్లాడేవారు ఒకే రాష్ట్రంలో ఉండాలన్న సిద్ధాంతానికీ, ఒకే భాష మాట్లాడేవారిలో ఒకరు మరొకరి ఉద్యోగం తీసుకుంటున్నారన్న అనుభవానికీ నడుమ ఉన్న దూరాన్ని ఏ పక్షమూ కొలవలేదు.

ఆనాటి విద్యార్థుల భయం ఊహాజనితం కాదని గుర్తించాలి. ఉర్దూ మాధ్యమంలో చదివినవారు ఇంగ్లీషు కార్యాలయాల్లో వెనుకబడ్డారు. జాగీర్ల రద్దుతో వాటిని ఆశ్రయించుకున్న ఉద్యోగులు రోడ్డున పడ్డారు. అదే సమయంలో బయటి నుండి వచ్చిన ప్రతి ఉద్యోగీ దోపిడీదారు కాడు. ఈ రెండు సత్యాలను ఒకే వాక్యంలో చెప్పగల పక్షం ఆనాడు లేకపోవడమే ఆ వివాదంలోని విషాదం.

8. భూమి - చట్టానికీ గ్రామానికీ మధ్య:

పోరాటం వేసిన ప్రశ్నకు ప్రభుత్వం చట్టంతో జవాబిచ్చే ప్రయత్నం చేసింది. 1950లో వచ్చిన హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయభూముల చట్టం ‘రక్షిత కౌలుదారు’ అనే హక్కును గుర్తించింది. 1954 సవరణలో చేరిన 38-ఇ సెక్షను రక్షిత కౌలుదార్లకు యాజమాన్యాన్ని బదిలీ చేసే వీలు కల్పించింది. ఈ లోగా 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాల భూమిని ఇవ్వడంతో వినోబా భావే భూదానోద్యమం మొదలైంది. పోరాటం, చట్టం, దానం అనే మూడు మార్గాలు ఒకే ప్రాంతంలో, మూడు నాలుగేళ్ల వ్యవధిలో పరీక్షకు వచ్చాయి.

దేశంలోని అభ్యుదయ కౌలు చట్టాలలో ఒకటిగా ఇది పేరుపొందింది. కాని చట్టం అమలు గ్రామంలోని పటేల్, పట్వారీల దస్తావేజుల మీద ఆధారపడింది. ఏ పట్వారీ దస్త్రాన్ని తగలబెట్టడం పోరాట చిహ్నమైందో, ఆ దస్త్రంలో పేరుంటేనే కౌలుదారుకు హక్కు వచ్చింది. కాంగ్రెసులోని భూస్వామ్య మద్దతుదార్లు కమతాల పరిమితిని నెమ్మదింపజేయాలని, ఉద్యమ నేపథ్యం గల వారు వేగం పెంచాలని కోరడం సహజం. కాంగ్రెసు వర్గకలహంగా పత్రికల్లో కనిపించిన దానిలో ఈ ఆర్థిక కోణం విడదీయరానిది.

9. భాషారాష్ట్రం - పక్షాలను దాటిన చీలిక:

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు మరణం, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రావతరణ హైదరాబాదు రాజకీయాల దిశను మార్చాయి. పక్షాల అస్థిరత హైదరాబాదుకే పరిమితం కాదని ఆంధ్రరాష్ట్రం కూడా రుజువుచేసింది. టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఏడాది పైచిలుకు మాత్రమే నిలిచి 1954 నవంబరులో పడిపోయింది. 1955 మధ్యంతర ఎన్నికల్లో కాంగ్రెసు కూటమి విజయం సాధించింది.

ఫజల్ అలీ అధ్యక్షుడిగా, హెచ్.ఎన్.కుంజ్రూ, కె.ఎం.పణిక్కర్ సభ్యులుగా ఏర్పడిన రాష్ట్రాల పునర్విభజన సంఘం 1955 సెప్టెంబరు 30న నివేదిక సమర్పించింది. హైదరాబాదు రాష్ట్రాన్ని విభజించాలనీ, తెలంగాణ ప్రస్తుతానికి ప్రత్యేక రాష్ట్రంగా ఉండాలనీ, 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తరువాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల ఆధిక్యతతో కోరితే ఆంధ్రతో కలపవచ్చుననీ సూచించింది. ఈ సూచనలోని సారం స్పష్టం. విలీనానికి ముందు ప్రజలు ఎన్నుకున్న సభ సమ్మతి ఉండాలి.

ఈ దశలో పాత వర్గాల గీతలు చెరిగి కొత్త గీతలు ఏర్పడ్డాయి. కాంగ్రెసులో కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి ప్రత్యేక తెలంగాణ పక్షాన నిలిచారు. స్వామి రామానంద తీర్థ భాషారాష్ట్రాల పక్షాన నిలిచారు. బూర్గుల సందిగ్ధత నుండి విలీనం వైపు జరిగారు. కాంగ్రెసుతో తీవ్రంగా పోరాడిన కమ్యూనిస్టులు విశాలాంధ్ర విషయంలో కాంగ్రెసులోని విలీనవాదులతో ఏకాభిప్రాయానికి వచ్చారు. 1955 చివరలో హైదరాబాదు శాసనసభ ఈ నివేదికను చర్చించింది. అయితే తుది నిర్ణయం సభలో జరగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో జరిగింది. ఆంధ్ర తరఫున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు సంతకం చేశారు. తెలంగాణ తరఫున బూర్గుల, రంగారెడ్డి, చెన్నారెడ్డి, జె.వి.నరసింగరావు సంతకం చేశారు. తెలంగాణ శాసనసభ్యులలో బలమైన ప్రతిపక్షంగా ఉన్న పి.డి.ఎఫ్. నుండి ఒక్కరి సంతకం కూడా అందులో లేదు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. బూర్గుల కేరళ గవర్నరుగా వెళ్లారు. నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి మరొక ప్రాంతంవారు కావాలన్న ఒప్పందపు మాట తొలి మంత్రివర్గంలోనే నెరవేరలేదు. 1959లో గాని రంగారెడ్డికి ఆ పదవి లభించలేదు. 1952లో కాల్పులకు దారితీసిన ముల్కీ ప్రశ్న 1969లో మళ్లీ ఉద్యమమైంది. ఒప్పందంపై సంతకం చేసిన చెన్నారెడ్డే ఆ ఉద్యమానికి నాయకత్వం వహించారు. 1971లో తెలంగాణ ప్రజాసమితి 14 లోక్‌సభ స్థానాల్లో 10 గెలుచుకుంది. 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు ఇచ్చింది. 2014 జూన్ 2న తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమైంది.

10. ముగింపు:

పై పరిశీలన నుండి కొన్ని విషయాలు తేలుతున్నాయి.

(అ) హైదరాబాదు రాష్ట్రంలోని పక్షాల చీలికలను వ్యక్తుల అహంకారాలకు కుదించడం సరికాదు. నాయకుల స్పర్ధలు నిజమే. కాని ఆ స్పర్ధలకు బలాన్నిచ్చినవి అధికారం, భూమి, స్థానికత, భాష అనే నాలుగు ప్రశ్నలు.

(ఆ) 1944 భువనగిరి చీలిక, 1952 శాసనసభలోని బలాబలాలు ఒకే గొలుసులోని కొక్కేలు. తెలంగాణకు సంబంధించినంతవరకు అధికార, ప్రతిపక్షాలు రెండూ ఆంధ్రమహాసభ వారసులే.

(ఇ) చీలికలన్నీ బలహీనతకు గుర్తులు కావు. సాయుధ పోరాటం నుండి శాసనసభకు మారడం ఒక పక్షంలో జరిగిన తీవ్రమైన అంతర్గత వాదం ఫలితమే. ఆ వాదం జరగకపోతే 1952 ఎన్నికలకు అంతటి ప్రాతినిధ్య లక్షణం ఉండేది కాదు.

(ఈ) చీలిక కన్నా ప్రమాదకరమైనది చీలికను సభలో తేల్చుకోకపోవడం. పునర్విభజన సంఘం శాసనసభ సమ్మతిని కోరగా, పరిష్కారం ఎనిమిదిమంది సంతకాలతో ముగిసింది. సభలో నమోదు కావలసిన అసమ్మతి వీధుల్లో నమోదైంది.

ఈ చరిత్ర జాడలు నేటి భౌగోళికంలోనూ కనిపిస్తాయి. ఒకనాటి సర్ఫ్-ఎ-ఖాస్ పల్లెల పరిధిలోని ఉప్పల్ దారిలో 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఏర్పడింది. నాచారం పారిశ్రామికవాడగా ఎదిగింది. దేశం నలుమూలల నుండి ఉద్యోగులు, కార్మికులు వచ్చి స్థిరపడ్డారు. 1978లో ఈ ప్రాంతాలు చేరిన కొత్త జిల్లాకు కొండా వెంకట రంగారెడ్డి పేరే పెట్టారు. 2016లో ఇవి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా పేరు మారింది గాని, ‘ఎవరు స్థానికులు, ఎవరి ఉద్యోగం ఎవరిది’ అన్న 1952 నాటి ప్రశ్న ఈ వీధుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ ప్రశ్న అడిగినవారి భయాన్ని చులకన చేయకుండా, బయటి నుండి వచ్చినవారిని శత్రువులుగా చూడకుండా జవాబు వెతకడం తొలి ప్రజాప్రభుత్వం వదిలివెళ్లిన పని. ఆనాటి శాసనసభ చర్చలను, గోలకొండ పత్రిక వంటి పత్రికలను, ఉద్యమకారుల ఆత్మకథలను పక్కపక్కన పెట్టి చదివే పరిశోధనలు ఆ పనికి తోడ్పడగలవు.